కదిలితే మాయం: వానచినుకును హోలోగ్రాములో పట్టడం

కదిలే వస్తువును మామూలు కెమెరాతో తీస్తే బొమ్మ అలుక్కుపోతుంది. అలుక్కుపోయినా అక్కడ ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది. హోలోగ్రాములో అలా కాదు, కదిలిన వస్తువు అసలే కనిపించదు. గులాబీ మొక్క ఉన్న కుండీని హోలోగ్రాము తీస్తే కుండీ తన గుండ్రంతో సహా అచ్చంగా వస్తుంది. మొక్క ఉండాల్సిన చోట మాత్రం నల్లటి ఖాళీ మిగులుతుంది. తలుపులు మూసి, ఫ్యాను ఆపి తీసినా అంతే. ఆకు తన బరువుకు తాను కాస్త వాలితే చాలు, ఫిల్ము మీద దాని జాడ ఉండదు.

ఈ ఒక్క లక్షణం వల్ల హోలోగ్రఫీని సరదాగా చేసేవాళ్లు చాలాకాలం నాణేల దగ్గర, చదరంగం పావుల దగ్గర, చిన్నచిన్న ఇత్తడి విగ్రహాల దగ్గర ఆగిపోయారు. ఎగిరేదాన్నీ రాలేదాన్నీ పట్టడం పెద్ద ప్రయోగశాలల పని అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని ఇక మార్చుకోవచ్చని నా నమ్మకం. హైదరాబాద్ శివారు మీర్‌పేట్‌లో ఒక మేడ మీది గదిలో కూర్చుని, ఓ మోస్తరు సెల్‌ఫోను ధరకు మించని సామానుతో, రాలుతున్న వానచినుకును హోలోగ్రాముగా పట్టవచ్చు. ఎలాగో తెలియాలంటే ముందు ఆ మాయమవడం ఎందుకో తెలియాలి.

లేజరు కాంతిని రెండు పాయలుగా చీలుస్తారు. ఒక పాయ వస్తువు మీద పడి, చెదిరి, ఫిల్మును చేరుతుంది. రెండో పాయ, అంటే ఆధార కిరణం, వస్తువును తాకకుండా నేరుగా ఫిల్మును చేరుతుంది. రెండూ కలిసిన చోట వెలుగు చారలు, చీకటి చారలు ఏర్పడతాయి. భౌతికశాస్త్రం పాఠంలో చదువుకున్న వ్యతికరణం ఇదే. ఆ చారల్లో వస్తువు ఎంత మెరిసిందన్న సంగతి మాత్రమే కాదు, దాని నుంచి వచ్చిన కాంతి ఎంత దూరం నడిచిందన్న లెక్క కూడా ఉంటుంది. కడిగిన ఫిల్ము మీద మళ్లీ అదే లేజరు వేస్తే, వస్తువు లేకపోయినా దాని నుంచి బయల్దేరిన కాంతి మళ్లీ బయల్దేరుతుంది. తల పక్కకు జరిపి చూస్తే వస్తువు పక్క భాగం కూడా కనిపిస్తుంది.

చిక్కంతా ఆ చారల సన్నదనంలో ఉంది. ఎర్రటి హీలియం-నియాన్ లేజరు తరంగదైర్ఘ్యం 633 నానోమీటర్లు. రెండు కిరణాల మధ్య 30 డిగ్రీల కోణం ఉంటే చారకూ చారకూ మధ్య దూరం సుమారు 1.2 మైక్రోమీటర్లు. ఫిల్ము మీద వెలుగు పడుతున్నంత సేపూ ఆ చారలు కదలకూడదు. వస్తువు నుంచి వచ్చే కాంతి నడిచే దారి తరంగదైర్ఘ్యంలో పదో వంతు, అంటే 60 నానోమీటర్లు మారినా చారలు వెలవెలబోవడం మొదలవుతుంది. సగం తరంగం మారితే వెలుగు చార ఉన్న చోటికి చీకటి చార వచ్చి కూర్చుంటుంది. రెండూ కలిసి ఫిల్మును సమానంగా నల్లబరుస్తాయి. చార లేకపోతే బొమ్మ లేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. 2014 ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఒకేసారి పలు ఊళ్ల వేదికల మీద 'హోలోగ్రాము'గా మాట్లాడారని అందరూ చెప్పుకున్నారు. అది హోలోగ్రాము కాదు. వాలుగా నిలిపిన పారదర్శక తెర మీద వీడియోను ప్రతిబింబింపజేసే పాత నాటకశాల యుక్తి. మద్యం సీసా మూత మీద మెరిసే స్టిక్కరు మాత్రం నిజమైన హోలోగ్రామే. పొలరాయిడ్ సంస్థలో స్టీఫెన్ బెంటన్ 1968లో కనిపెట్టిన ఇంద్రధనుస్సు హోలోగ్రాముకు అది వారసురాలు. పెద్ద సభ కన్నా ఆ చిన్న స్టిక్కరులోనే అసలు శాస్త్రం ఉంది.

అయిదారు దశకాల కిందటి అభిరుచి కళాకారులకు కదలిక ఎంత పెద్ద శత్రువో బాగా తెలుసు. అమెరికాలో లాయిడ్ క్రాస్, జెరీ పెథిక్ అనే ఇద్దరు ఖరీదైన ఉక్కు బల్లలకు బదులు ఇసుక పెట్టెను వాడారు. గాలి ట్యూబుల మీద నిలిపిన పెట్టెలో ఇసుక నింపి, అద్దాలను గొట్టాలకు బిగించి ఆ ఇసుకలో గుచ్చేవారు. వీధిలో లారీ వెళ్లినా ఆ అదురును ఇసుక మింగేసేది. చిన్న లేజరుతో కొన్ని సెకన్ల పాటు వెలుగు చూపాల్సి వచ్చేది కాబట్టి ఇంత ఏర్పాటు. హోలోగ్రాము ఫిల్ము మిల్లీమీటరుకు మూడు వేల గీతలను విడదీయగలగాలి. అంత సన్నని రేణువులున్న ఫిల్ముకు వెలుగు ఆకలి ఎక్కువ. మీర్‌పేట్ పెద్ద రోడ్డుకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఎవరైనా ఈ ప్రయోగం చేయాలనుకుంటే, అర్ధరాత్రి దాటాక, లారీలూ బస్సులూ తగ్గాక మొదలుపెట్టడమే దారి.

కదలికను జయించడానికి మొదటి ఉపాయం అందరికీ తోచేదే: వస్తువును ఆపలేకపోతే వెలుగును కుదించాలి. థియోడర్ మైమన్ 1960లో తొలి రూబీ లేజరును వెలిగించాడు. ఆ తరువాత రెండేళ్లలోపే హెల్వర్త్, మెక్‌క్లంగ్ దానికి క్యూ-స్విచ్ అమర్చారు. చెరువు నిండేదాకా తూము బిగించి ఉంచి ఒక్కసారిగా ఎత్తినట్టు, రూబీ కడ్డీలో శక్తి నిండేదాకా కాంతిని బయటికి రానివ్వకుండా ఆపి ఒక్కసారిగా వదులుతారు. పది నుంచి ముప్పై నానోసెకన్లలో మొత్తం బయటికి వచ్చేస్తుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. అంతలో కాంతి కూడా 30 సెంటీమీటర్లే నడుస్తుంది.

ఆ లేజరుతో కాలిఫోర్నియాలోని టీఆర్‌డబ్ల్యూ సంస్థలో బ్రూక్స్, హెఫ్లింగర్, వ్యూర్కర్ 1960ల నడుమ ఎగిరే తూటాను హోలోగ్రాములో పట్టారు. ఒకే ఫిల్ము మీద తూటా లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి వెలుగు వేశారు. తూటా ముందు గాలి ఎలా నొక్కుకుపోయిందో, ఆఘాత తరంగం ఎలా విచ్చుకుందో చారల రూపంలో కనిపించింది. బ్రయాన్ థాంప్సన్ బృందం అదే కాలంలో పొగమంచు బిందువులను గాలిలో తేలుతుండగా కొలిచింది. 1967 అక్టోబరు 31న మిషిగన్‌లోని కండక్ట్రాన్ సంస్థలో లారెన్స్ సీబర్ట్ తన ముఖానికే హోలోగ్రాము తీసుకున్నాడు. మనిషికి తీసిన తొలి హోలోగ్రాము అదే. ఊపిరి పీల్చే మనిషి, గుండె కొట్టుకునే మనిషి, సెకన్లు పట్టే హోలోగ్రాములో ఎప్పటికీ పడడు. నానోసెకన్లలో పడ్డాడు.

అయితే నానోసెకన్లతో అంతా తీరిపోయిందనుకుంటే పొరపాటు. లెక్క వేసి చూడండి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి పది నానోసెకన్లలో 389 నానోమీటర్లు జరుగుతుంది. బంతి ఫిల్ము వైపుకే వస్తోంది, వెలుగు కూడా ఫిల్ము పక్క నుంచే దాని మీద పడుతోంది అనుకుందాం. వెలుగు వెళ్లే దారి, తిరిగొచ్చే దారి రెండూ తగ్గుతాయి కాబట్టి మొత్తం మార్పు 778 నానోమీటర్లు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరుకు అది ఒకటిన్నర తరంగం. బంతి మాయం! ఈ ఏర్పాటులో పది నానోసెకన్ల వెలుగు భరించగలిగే వేగం సెకనుకు రెండున్నర మీటర్లకు కాస్త పైన. మనిషి వడివడిగా నడిచే వేగం కన్నా పెద్ద ఎక్కువ కాదు. మరి తూటా ఎలా పడింది?

ఈ ప్రశ్నకు జవాబే ఈ విద్యకంతటికీ ఆయువుపట్టు. హోలోగ్రాముకు వేగంతో పేచీ లేదు. కాంతి దారి పొడవు మారడంతోనే పేచీ. అదే బంతి ఫిల్ముకు ఎదురుగా రాకుండా అడ్డంగా వెళ్తుంటే, వెలుగు దారి కొంచెం పెరిగినా తగ్గినా చాలా స్వల్పం. సరైన దిశకు నాలుగు డిగ్రీల లోపు ఉంటే చాలు, 140 కిలోమీటర్ల బంతి పది నానోసెకన్ల హోలోగ్రాములో పడుతుంది. లెక్క తెలిసినవాళ్లు దీన్ని దీర్ఘవృత్తంతో చెబుతారు. వెలుగు బయల్దేరే చోటు ఒక నాభి, ఫిల్ము మీది బిందువు రెండో నాభి. ఆ రెంటి చుట్టూ గీసిన దీర్ఘవృత్తం వెంబడి వస్తువు కదిలితే దారి పొడవు మారదు. కాబట్టి వస్తువు ఎటు పోతుందో ముందే తెలిస్తే, లేజరునూ ఫిల్మునూ ఎక్కడ నిలపాలో జ్యామితి చెప్పేస్తుంది. బంతి గుండ్రంగా ఉంటుంది, తిరుగుతూ ఉంటుంది కాబట్టి అంతా సమానంగా రాదు. కొంత భాగం వెలుగుతుంది, కొంత మేర నల్లని పట్టీ పడుతుంది. ఆ పట్టీ కూడా వేగం గురించి సమాచారమే.

ఇంతకన్నా ఉదారమైన అమరిక ఇంకొకటి ఉంది. లేజరు, వస్తువు, ఫిల్ము మూడింటినీ ఒకే గీత మీద నిలపడం. వెలుగు వెనుక నుంచి వస్తుంది, వస్తువును రాసుకుని ముందుకు చెదురుతుంది, తాకకుండా వచ్చిన మిగతా వెలుగు ఆధార కిరణంగా పనిచేస్తుంది. ఇప్పుడు వస్తువు ఫిల్ము వైపుకు జరిగితే మొదటి దారి ఎంత పెరుగుతుందో రెండో దారి దాదాపు అంతే తగ్గుతుంది. మొత్తం మారదు! డెన్నిస్ గేబర్ 1947లో హోలోగ్రఫీని ఊహించినప్పుడు గీసుకున్న అమరిక ఇదే. నిజబింబం వెంట ఒక జంట బింబం అంటుకుని వచ్చి పాడుచేస్తోందని దాన్ని తరువాత చాలామంది పక్కన పెట్టారు. లీత్, ఉపట్నీక్స్ 1962లో ఆధార కిరణాన్ని పక్క నుంచి తెచ్చి ఆ జంటను విడదీశారు. కానీ వేగంగా కదిలే చిన్న వస్తువుల విషయంలో గేబర్ పాత అమరికే ఇప్పటికీ గట్టిది. తరంగదైర్ఘ్యంలో పదో వంతు అనే కఠిన నియమం ఇక్కడ సడలిపోతుంది. వెలుగు ఉన్నంతసేపట్లో వస్తువు తన వ్యాసంలో పదో వంతు మించి జరగకపోతే చాలు. థాంప్సన్ పొగమంచు బిందువులు ఇలాగే పడ్డాయి. ఇప్పుడు విమానానికి కట్టి మేఘాల్లోకి పంపే హోలోడెక్ అనే పరికరం కూడా ఇదే పద్ధతిలో, సెకనుకు వంద మీటర్లు దాటిన వేగంలో, మేఘబిందువులను లెక్కిస్తోంది.

వెనుక నుంచి వెలుగు వేసి వేగాన్ని పట్టే పని మన దగ్గరా జరిగింది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం ఆక్రెమ్‌లో పి. ప్రేమ్ కిరణ్ బృందం గాలిలో లేజరుతో పుట్టించిన ఆఘాత తరంగాలను చిత్రించింది. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 532 నానోమీటర్ల, 7 నానోసెకన్ల లేజరు తునకను గాలిలో ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తే అక్కడి గాలి ప్లాస్మాగా మారి పేలుతుంది. ఆ పేలుడు అల ఎలా వ్యాపించిందో చూడటానికి వెనుక నుంచి ఎడతెగని హీలియం-నియాన్ వెలుగు వేసి, నానోసెకన్లలో తెరుచుకుని మూసుకునే ఐసీసీడీ కెమెరాతో నీడను పట్టారు. అది ఛాయాచిత్రణ, హోలోగ్రాము కాదు. కానీ అమరికలో అన్నదమ్ములే. వాళ్లు వెలుగును కాక కెమెరా కన్నును కుదించారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో జీవవైద్య ఇంజినీరింగ్ పరిశోధకులు డిజిటల్ హోలోగ్రఫీ సూక్ష్మదర్శినిని చిప్పుల మీది సన్నని కాలువల్లోని ద్రవాల పరిశీలనకు వాడారు. మీర్‌పేట్‌కు పొరుగున బాలాపూర్ దగ్గర రక్షణ పరిశోధనశాల ఆర్‌సీఐ ఉంది, లోహాలకు లేజరుతో పూత పూసే ఏఆర్‌సీఐ ఉంది. ఇంత లేజరు విద్య చుట్టూ ఉన్న ఊళ్లో ఇంటర్, డిగ్రీ పిల్లలు లేజరును పాయింటరుగా మాత్రమే ఎరగడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంట్లో రూబీ లేజరు పెట్టుకోమని నేను చెప్పను. దాని కెపాసిటర్లలో దాగిన విద్యుత్తు మనిషిని చంపగలదు, దాని కాంతి కంటిపొరను రెప్ప వాల్చేలోగా కాల్చగలదు. పచ్చబొట్లు చెరిపే చౌక క్యూ-స్విచ్ లేజర్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, వాటి జోలికీ పోవద్దు. ప్రమాదం సంగతి అలా ఉంచినా అవి ఈ పనికి సరిపోవు. ఆ కాంతి ఒకే రంగుగా కనిపించినా లోపల ఎన్నో దగ్గరి తరంగదైర్ఘ్యాల మిశ్రమం. రెండు పాయల దారులు ఒక సెంటీమీటరు తేడా వస్తే చాలు, చారలు కలవవు. ముఖం తీస్తే ముక్కు కొన మాత్రం పడుతుంది.

ఇంటి అభిరుచికి తలుపు తెరిచింది లేజరు కాదు, కెమెరా సెన్సరు. ఈ లెక్క నాకు ఎంతో ఇష్టం. హోలోగ్రాము ఫిల్ముకు చదరపు సెంటీమీటరుకు సుమారు 100 మైక్రోజౌళ్ల వెలుగు కావాలి. డీవీడీ ప్లేయర్లలో వాడే రకం చిన్న ఎర్ర లేజరు డయోడు 5 మిల్లీవాట్లది తీసుకుని, దాన్ని ఒక్క మైక్రోసెకను వెలిగిస్తే వచ్చేది 5 నానోజౌళ్లు. ఫిల్ము అడిగినదానిలో ఇరవై వేలవ వంతు. ఫిల్ము దాన్ని గుర్తించనే గుర్తించదు. అదే వెలుగును చదరపు సెంటీమీటరు మేర పరచి సెన్సరు మీద వేస్తే, 3.45 మైక్రోమీటర్ల ఒక్కో పిక్సెల్‌కు దాదాపు రెండు వేల ఫోటాన్లు అందుతాయి. సెన్సరుకు అది బ్రహ్మాండంగా సరిపోతుంది. సెన్సరు తీసుకునే మూల్యం వేరే ఉంది. దాని పిక్సెళ్లు ఫిల్ము రేణువుల కన్నా చాలా పెద్దవి కాబట్టి ఐదు డిగ్రీలకు మించిన కోణంలో వచ్చే చారలను విడదీయలేదు. అంటే పక్క నుంచి ఆధార కిరణం తేవడం కుదరదు, గేబర్ ఒకే గీత అమరికే గతి. వేగానికి కావాల్సింది కూడా ఆ అమరికే కావడం మన అదృష్టం. బొమ్మను కంటితో నేరుగా చూడలేం, కంప్యూటరు తెర మీదే చూడాలి. అయినా అది హోలోగ్రామే. ఎందుకంటే తీసిన తరువాత లోతులో ఎక్కడికైనా వెళ్లి ఫోకస్ చేయవచ్చు.

సామాను సంగతి. రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2023లో తెచ్చిన గ్లోబల్ షట్టర్ కెమెరా అనువైనది. దాని సెన్సరు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 3.75 ఎత్తు, సెకనుకు 60 చట్రాలు తీస్తుంది. లెన్సు బిగించకూడదు, ఉత్త సెన్సరే మన ఫిల్ము. మామూలు వెబ్‌క్యామ్ అయితే వరుస వరుసగా చదువుతుంది కాబట్టి కదిలే వస్తువు వంకర పోతుంది. చీకట్లో పెట్టి, వరుసలన్నీ తెరిచి ఉన్న క్షణంలో ఒకే ఒక్క మెరుపు ఇస్తే అదీ పనిచేస్తుంది. డయోడు, దాన్ని మైక్రోసెకను వెలిగించే మాస్‌ఫెట్, మైక్రోకంట్రోలరు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సరుకే. డయోడు నుంచి విచ్చుకునే వెలుగును ఒక లెన్సుతో సమాంతరం చేయాలి. సమాంతరం అయిందో లేదో చూడటానికి చక్కని సాధనం ఎం.వి.ఆర్.కె. మూర్తి ఇచ్చాడు. మంత్రవాది ఇంటిపేరు గల ఈ కాంతిశాస్త్రవేత్త రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1964లో వివరించిన పద్ధతిలో, ఒక సమతల గాజు పలకను కిరణానికి వాలుగా పెడితే చాలు. ముందు తలం నుంచి, వెనుక తలం నుంచి తిరిగొచ్చే రెండు కాంతులు కలిసి చారలు ఇస్తాయి. ఆ చారల తీరే కిరణం సమాంతరంగా ఉందా లేదా చెబుతుంది. ప్రపంచమంతటా కాంతిశాస్త్ర ప్రయోగశాలల్లో దాన్ని మూర్తి ఇంటర్‌ఫెరోమీటరు అంటారు.

వాన కోసం ఆగకుండా ముందు సెలైన్ గొట్టంతో మొదలుపెట్టండి. పిల్లలకు వాడే మైక్రోడ్రిప్ సెట్టు మిల్లీలీటరుకు 60 చుక్కలు ఇస్తుంది. అంటే ఒక్కో చుక్క వ్యాసం సుమారు 3.2 మిల్లీమీటర్లు ఉండాలి. హోలోగ్రాములో కొలిచిన వ్యాసం దీనితో సరిపోలితే మీ ఏర్పాటు నమ్మదగినదే. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రాలిన చుక్క సెకనుకు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. మైక్రోసెకనులో అది జరిగేది 2.4 మైక్రోమీటర్లు, ఒక్క పిక్సెల్ కన్నా తక్కువ. వేగం చేతికి చిక్కింది!

తరువాతి పని కంప్యూటరుది. చుక్క లేని ఖాళీ చట్రం ఒకటి తీసి దానితో ప్రతి చట్రాన్నీ భాగించాలి. అద్దం మీది దుమ్ము, లేజరు మచ్చలు అన్నీ అలా పోతాయి. మిగిలిన చారలను కాంతి వివర్తన సూత్రంతో వెనక్కి నడిపిస్తే, ఒక్కో దూరంలో ఉన్న చుక్క ఒక్కోసారి స్పష్టమవుతుంది. ఫూరియే పరివర్తన చేసి, దూరానికి తగిన గుణకంతో గుణించి, తిరిగి విలోమ పరివర్తన చేయడమే పని. పైథాన్‌లో పాతిక వరుసలు దాటదు. ఈ పనిని గుడ్‌మన్, లారెన్స్ 1967లోనే కంప్యూటరుతో చేసి చూపారు. సీసీడీ సెన్సరు మీద నేరుగా హోలోగ్రాము పట్టి కంప్యూటరులో బొమ్మ కట్టే దారిని 1994లో ష్నార్స్, యుప్ట్‌నర్ వేశారు.

దీనికి ఫొటో తీస్తే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. చుక్క నీటి పళ్లెంలో పడి చిందే క్షణాన్ని తీయండి, జవాబు దొరుకుతుంది. కిరీటంలా లేచిన అంచు నుంచి పదులకొద్దీ తుంపరలు అన్ని వైపులా ఎగురుతాయి. దగ్గర నుంచి తీసే ఫొటో లెన్సుకు ఒక మిల్లీమీటరు లోతు కూడా స్పష్టంగా ఉండదు. ఒకటి పదునుగా వస్తే తొమ్మిది మసకబారతాయి. ఒకే ఒక్క హోలోగ్రాములో ఐదు సెంటీమీటర్ల లోతు వరకూ ఉన్న తుంపరలన్నింటినీ ఒక్కొక్కటిగా ఫోకస్ చేసి, ఏది ఎక్కడుందో, ఎంత ఉందో రాసుకోవచ్చు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు పురుగుమందు పిచికారీల తుంపర పరిమాణాన్ని ఇలాగే కొలిచారు. మన రైతు వీపున మోసే పంపు నాజిల్ నుంచి వచ్చే తుంపరలో ఎంత సన్నబిందువులుగా గాలికి కొట్టుకుపోతుందో కొలవడానికి ఇది తగిన సాధనం. వ్యవసాయ కళాశాలల విద్యార్థులు దీన్ని పట్టించుకోవాలి.

ఇక వాన. లేజరును ఒక పెట్టెలో, కెమెరాను ఒక పెట్టెలో భద్రం చేసి, గాజు కిటికీలు ఎదురెదురుగా ఉండేట్టు 20 సెంటీమీటర్ల ఎడంలో నిలపాలి. కిటికీల మీద చినుకు పడకుండా ముందు గొట్టాలు తొడగాలి. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో, ఐదు మిల్లీమీటర్లది తొమ్మిది మీటర్ల వేగంతో నేలకు దిగుతుంది. మైక్రోసెకను వెలుగుకు రెండూ లొంగుతాయి. ఓపిక మాత్రం కావాలి. కెమెరా ఒకసారికి చూసే మేర నాలుగు ఘన సెంటీమీటర్లు కూడా లేదు. ఘనమీటరుకు వేయి చినుకులున్న వానలో దాదాపు 270 చట్రాలకు ఒక చినుకు పడుతుంది, గంట వానకు ఎనిమిది వందల పైచిలుకు. మూడు మిల్లీమీటర్లు దాటిన చినుకులు చాలావరకు అంచుకు తగిలి తెగిపోతాయి, ఆ మేరకు లెక్క సవరించుకోవాలి. పెద్ద చినుకు లోతును కూడా చాలా కచ్చితంగా చెప్పలేం. అయినా వానచినుకు బొమ్మల్లో గీసే కన్నీటి చుక్క ఆకారంలో ఉండదని, పెద్దదైన కొద్దీ అడుగు చదునుగా, అడ్డంగా వెడల్పుగా ఉంటుందని మీ కంప్యూటరులో మీరే చూస్తారు.

చినుకు పరిమాణం తెలిసి ఏం లాభం? వాతావరణ రాడారు చినుకు వ్యాసం ఆరో ఘాతానికి తగ్గట్టు స్పందిస్తుంది. మూడు మిల్లీమీటర్ల ఒక్క చినుకు ఒక మిల్లీమీటరు చినుకులు 729 ఇచ్చినంత ప్రతిధ్వని ఇస్తుంది. నీళ్లు మాత్రం 27 చినుకులంతే ఉంటాయి. కాబట్టి రాడారు చూపిన మెరుపును నేల మీది నీటిగా మార్చాలంటే ఆ ప్రాంతపు చినుకుల తీరు తెలియాలి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో చినుకుల పరిమాణాన్ని కొలిచే డిస్‌డ్రోమీటర్లతో ఈ కొలతలు చాలాకాలంగా జరుగుతున్నాయి. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో కె. కృష్ణారెడ్డి బృందం కూడా లేజరు పట్టీ గుండా పడే చినుకులను కొలిచింది. నైరుతి వానల చినుకులు ఈశాన్య వానల చినుకుల కన్నా పెద్దవిగా ఉంటాయని గాదంకి కొలతలు చూపాయి. 2020 అక్టోబరులో వాన మీర్‌పేట్ కాలనీలను ముంచెత్తింది. చెరువుల పక్క ఊరికి వాన కొలత సరదా విషయం కాదు.

వానలు లేని నెలల్లో ఇసుక పెట్టె మీద చేయదగ్గ ఇంకో అద్భుతం ఉంది, అన్నిటికన్నా వేగమైన వస్తువును పట్టడం. స్వీడన్‌లో నిల్స్ అబ్రామ్‌సన్ 1978లో కాంతి ప్రయాణాన్నే హోలోగ్రాముగా తీశాడు. తెల్లని పలక మీద వెలుగు ఏటవాలుగా జారుతుండగా, ఆధార కిరణం కూడా ఫిల్ము మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏటవాలుగా జారుతుంది. రెండు దారులూ సమానమైన చోట మాత్రమే చారలు పడతాయి. కడిగిన ఫిల్మును ఎడమ నుంచి కుడికి కన్ను జరుపుతూ చూస్తే, పలక మీద ఒక వెలుగు గీత ముందుకు నడుస్తుంది. దీనికి క్షణికమైన మెరుపు తప్పనిసరి కాదు. దారుల తేడా ఓ మిల్లీమీటరు దాటితే చారలు ఇవ్వలేని నాసిరకం, ఎడతెగని లేజరు కూడా ఇదే బొమ్మ ఇస్తుంది. మామూలు హోలోగ్రాముకు పనికిరాదని పక్కన పెట్టిన డయోడు ఇక్కడ షట్టరుగా పనిచేస్తుంది. పలక, ఫిల్ము, అద్దాలు కదలకుండా ఉంటే చాలు.

ఐదు మిల్లీవాట్ల లేజరు కూడా కంట్లోకి నేరుగా పడకూడదు. కిరణం ఎప్పుడూ నడుము ఎత్తు లోపే ఉండాలి. గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టండి, పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కన ఉండండి. వానలు మొదలయ్యేలోగా సెలైన్ చుక్కతో చేయి అలవాటు చేసుకోండి. వాన హోలోగ్రాములు తీసేటప్పుడు తేదీ, సమయం, చోటు ప్రతి ఫైలుతో పాటు రాసి పెట్టండి. చినుకు పడని చట్రాలను చెరిపేయకండి. ఎంత గాలిని వెతికితే ఎన్ని చినుకులు దొరికాయన్న లెక్కకు ఆ ఖాళీ చట్రాలే ఆధారం.